మా అడ్రసు పోరంబోకు

మా అయ్యను ‘పోరంబోకు నాయాలా’ అని తిట్టగా నేను మొదటిసారి విన్నది కొబ్బరి దింపు రోజున. అప్పటికి నాకు ఎనిమిదేళ్ళుంటాయి. కామందు దొడ్లో దింపు తీసి, కాయలు రాశి పోసి లెక్కపెడితే ఆరు కాయలు తక్కువొచ్చాయి. మా అయ్య ఆ ఇంట్లో పాలేరు. చెట్టెక్కినవాళ్ళు వేరు, మోసినవాళ్ళు వేరు, లెక్క కట్టినవాళ్ళు వేరు. తిట్టు మాత్రం మా అయ్యకు పడింది. “పోరంబోకు నాయాలా! గట్టు మీద బతికే బుద్ధి ఎక్కడికి పోద్దిరా” అన్నాడు కామందు. మా అయ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకుని “ఆయ్, నేను తియ్యలేదండి” అన్నాడు. అంతకంటే ఒక్కమాట ఎక్కువ అనలేదు. సాయంత్రం ఆ ఆరు కాయలూ మట్టల గుట్ట కింద దొరికాయి. కాయలు తీసుకెళ్ళి రాశిలో కలిపారు. తిట్టును మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

రెండోసారి ఆ మాట నాకు కాయితం మీద కనబడింది. ఆరో తరగతిలో చేరినప్పుడు స్కాలర్‌షిప్పుకు కులం సర్టిఫికెట్టు కావాలన్నారు. తాలూకా ఆఫీసుకు వెళ్ళాలంటే ముందు కరణంగారు రాసివ్వాలి. నేను వెళ్ళి ఆయన అరుగు కింద నిలబడ్డాను. అరుగెక్కే అలవాటు మాకు లేదు.

“ఎవడి కొడుకువురా?”

చెప్పాను.

“ఇల్లెక్కడ?”

“కాలవ గట్టు మీదండి.”

ఆయన కళ్ళజోడు సర్దుకుని గబగబా రాసి, కాయితం అరుగు అంచున పడేశాడు. దారిలో కూడబలుక్కుని చదువుకున్నాను. నివాసం అన్నచోట ‘కాలువ గట్టు పోరంబోకు’ అని ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. నోటితో తిట్టేవాళ్ళు తిట్టారు సరే, కాయితం మీద సంతకం పెట్టి మరీ తిట్టేడేంటి ఈయన అనుకున్నాను. ఈ కాయితం బళ్ళో ఇస్తే మేష్టరు పైకి చదువుతారు. పిల్లలందరూ వింటారు.

ఇంటికొచ్చి తాతకు చెప్పాను. మా తాత చుట్ట పక్కన పెట్టి నవ్వాడు. “ఏటేడుపురా పిచ్చి సన్నాసీ! అది తిట్టు కాదురా. అది మన అడ్రసు” అన్నాడు.

తిట్టూ అడ్రసూ ఒకే మాట ఎలా అయ్యాయో తెలుసుకోడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది. కోర్టుల్లో, తాలూకా ఆఫీసుల్లో పుట్టిన మాటలు మన నోళ్ళలో చాలా తిరుగుతుంటాయి. ‘వీడికేమన్నా పట్టా ఉందా’ అంటాం. ‘ఇదేమన్నా ఇనాం సొమ్మా’ అంటాం. ‘నీ జిరాయితీ కాదిది’ అంటాం. వాటిల్లో పట్టాకీ జిరాయితీకీ గౌరవం ఉంది. పోరంబోకుకి మాత్రం లేదు. చట్టంలో అది నేలకు పేరు. ఊళ్ళో అది మనిషికి పేరు. ఆ మనిషి ఎవరన్నదే నేను చెప్పదలుచుకున్న సంగతి.

మాటది తమిళం. ‘పురం’ అంటే వెలుపల. ‘పోక్కు’ అంటే పోయినది, విడిచిపెట్టినది. రెండూ కలిపి లెక్కకు వెలుపల పోయిన నేల. మన గోదావరి జిల్లా మద్రాసు రాజధానిలో ఉండేది కాబట్టి మద్రాసు కచేరీల మాటలే మనక్కూడా వచ్చాయి. పాత కాయితాల్లో ‘పురంబోకు’ అనీ ఉంటుంది, నోట్లో నలిగి పోరంబోకు అయింది. రైత్వారీ పద్ధతిలో ప్రతి మడికీ ఒక సర్వే నెంబరు, ఒక విస్తీర్ణం, ఒక శిస్తు, ఒక పట్టాదారు. పట్టా అంటే ఈ రోజు మనం హక్కు కాయితం అనుకుంటున్నాం గానీ, మొదట అది ఫలానావాడు సర్కారుకు ఇంత శిస్తు కట్టాలని రాసిన కాయితం. శిస్తు రాని నేలను ఏం చెయ్యాలి? రోడ్డుంది, డొంక ఉంది, చెరువుంది, శ్మశానం ఉంది, పశువుల మందబయలుంది, కాలవా దాని గట్టూ ఉన్నాయి. వీటి మీద డబ్బు రాదు. అందుకని వాటి ఎదురుగా పట్టాదారు పేరుండాల్సిన చోట పోరంబోకు అని రాసి వదిలేశారు. అంటే పనికిరాని నేల అని కాదు. ఊరందరికీ పనికొచ్చే నేల. ఒక్క ఖజానాకే పనికిరాదు.

చూడండి, ఊరికి పొలం లేకపోయినా కొన్నాళ్ళు గడుస్తుందేమో గానీ, దారీ చెరువూ శ్మశానం లేకపోతే ఒక్కరోజు గడవదు. అలాంటి నేలకు పెట్టిన పేరు పనీపాటా లేనివాడికి తిట్టెలా అయింది? సర్కారువారి కళ్ళతో చూస్తే డబ్బు రాల్చని నేల దండగ. కామందు కళ్ళతో చూస్తే తన గుప్పిట్లో లేని మనిషి దండగ. పట్టా లేనివాడు, అడిగే దిక్కు లేనివాడు, ఎక్కడ పడితే అక్కడ పడుండేవాడు. పాత రోజుల్లో భూమి ఉన్నవాడే మనిషి. భూమి లేనివాడికి పేరెందుకు, వాడు పడుకునే నేల పేరే వాడికి పెడితే పోయింది. ఆ తర్వాత సినిమాలవాళ్ళు దాన్ని హాస్యం చేశారు. ఈ రోజు పట్నంలో పిల్లలు సరదాగా ఒకళ్ళనొకళ్ళు పోరంబోకు అనుకుంటారు. నిజంగా పోరంబోకులో బతికినవాళ్ళకు ఆ సరదా రాదు.

మా తాత పుట్టింది గట్టు మీద కాదు. గోదావరి లంకలో. 1953 వరదలో పాకా పోయింది, రెండు గొడ్లూ పోయాయి. పిల్లల్ని బుజాన వేసుకుని ఎత్తయిన చోటు వెతుక్కుంటూ కొత్తపేట వైపొచ్చాడు. కోనసీమలో ఎత్తయిన చోటంటే ఏముంటుంది? ఏటిగట్టు, కాలవ గట్టు, దేవుడి గుడి. గుడిలోకి రానివ్వరు. ఏటిగట్టు మీద అప్పటికే జనం నిండిపోయారు. కాలవ గట్టు మీద నాలుగు తాటాకులు కప్పుకున్నాడు. కాటన్ దొర ఆనకట్ట 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని కాలవలు తవ్విన మట్టే గట్టయింది. ఆ మట్టి తవ్విందీ మోసిందీ మా తాతముత్తాతల్లాంటి కూలిజనం. ఆ నీళ్ళు పారి పొలాలకు విలువొచ్చింది, పొలాలున్నవాళ్ళకు పెద్దరికమొచ్చింది. మట్టి మోసినవాళ్ళకు మట్టి మీద పడుకునే హక్కు కూడా రాలేదు.

మా తాతకు ఒక రేకుపెట్టె ఉండేది. అందులో మా మామ్మ చీర ఒకటి, కొడవలి ఒకటి, దారంతో కట్టిన కాయితాల కట్ట ఒకటి. పండగనాడు ఆ కట్ట తీసి, దుమ్ము దులిపి, కళ్ళకద్దుకుని మళ్ళీ పెట్టేవాడు. “ఇయ్యన్నీ మన పట్టాలురా. ఏటేటా సర్కారోళ్ళు నాకు పంపుతారు. నేను రుసుం కడతాను” అనేవాడు గర్వంగా. గట్టు మీద ఇరవై కొంపలుంటే, ‘పట్టాలు’ ఇంత జాగ్రత్తగా దాచుకున్నది తానొక్కడేనని ఆయన నమ్మకం.

నేను పదో తరగతి పాసైన వేసవిలో, కాలవలు కట్టేసిన రోజుల్లో, ఆ కట్ట నా చేతికిచ్చి చదవమన్నాడు. ఇంట్లో మొదటి చదువుకున్నవాణ్ణి నేనే. మా అయ్య, అమ్మ, మామ్మ, అందరూ చుట్టూ కూచున్నారు. మొదటి కాయితం విప్పాను. బి మెమో. 1905వ సంవత్సరపు మూడో చట్టం కింద, సర్కారు పోరంబోకును అక్రమంగా ఆక్రమించినందుకు ఫలానావాడికి ఇంత జరిమానా అని ఉంది. రెండోది బి మెమో. మూడోది బి మెమో. ఆఖరున ఒకటి ఏడో సెక్షను నోటీసు, ఎందుకు ఖాళీ చేయించకూడదో చెప్పుకోమని. పట్టా అన్న మాట ఒక్కదాంట్లోనూ లేదు.

“ఏటి రాసుందిరా?” అన్నాడు తాత.

“నీ పేరు రాసుంది తాతా” అన్నాను.

“సూసేవా, నాను సెప్పలా” అని మామ్మ వైపు చూశాడు.

నేను చెప్పింది అబద్ధం కాదు. ఆయన పేరుంది, ఆక్రమణదారు అన్న గడిలో. మా వంశంలో సర్కారు రిజిస్టరులోకి ఎక్కిన మొదటి పేరు అదే. మా తాత 1981లో చనిపోయాడు, తాను పట్టాదారుణ్ణనుకునే చనిపోయాడు. ఆయనకు నిజం చెప్పకపోవడం మంచిదో చెడ్డదో నాకిప్పటికీ తేలలేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. పోరంబోకు అంటే శిస్తు లేని నేల. ఆ శిస్తు లేని నేల మీద మా తాత ముప్పయ్యేళ్ళు డబ్బు కట్టాడు. దాన్ని శివాయిజమా అంటారు. మామూలు జమకు ‘శివాయి’, అంటే అదనంగా వచ్చేది. కట్టినంత మాత్రాన హక్కు రాదు. కట్టకపోతే గెంటేస్తారు. కడితే కూడా, గెంటే హక్కు వాళ్ళకు అలాగే ఉంటుంది. ఆరో సెక్షను కింద గెంటేటప్పుడు పంటా పోతుంది, తియ్యమన్న గడువులో తియ్యకపోతే ఇల్లూ పోతుంది. శిస్తు కట్టిన రైతు పట్టాదారయ్యాడు. జరిమానా కట్టిన కూలివాడు ముద్దాయి అయ్యాడు.

బి.ఏ. అయ్యాక నాకు రెవెన్యూలో చిన్న గుమాస్తా ఉద్యోగం వచ్చింది. ఏ ఆఫీసో చెప్పను, అక్కర్లేదు. అప్పటికి 1984లో కరణాలూ మునసబుల ఉద్యోగాలు రద్దయ్యాయి. మరుసటేడు తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. కరణాల ఇళ్ళల్లో పెట్టెల్లో మగ్గిన రికార్డులు ఆఫీసుల బీరువాల్లోకి చేరాయి. ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మా ఊరి రీసెటిల్‌మెంటు రిజిస్టరు తీశాను. బైండు ఊడిపోయింది, పేజీల అంచులు చెదలు కొట్టేశాయి. అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయి. నేను మొదట వెతికింది మా గట్టు. దొరికింది. కాలువ, పోరంబోకు. తర్వాత సరదాకి కామందుగారి మండువా లోగిలి ఏ నెంబరులో ఉందో చూశాను.

దాని ఎదురుగా పట్టాదారు పేరు లేదు. శిస్తు లేదు. గ్రామకంఠం అని ఉంది, పోరంబోకుల్లో కలిపి.

నాకు కాసేపు అర్థం కాలేదు. మళ్ళీ చూశాను. కామందు ఇల్లు, కరణంగారి అరుగు, రామాలయం, కోమట్ల కొట్లు, చావిడి, ఊరి నడుమ ఉన్నదంతా ఒకే నెంబరు. గ్రామకంఠం. శిస్తు లేని నేల. లెక్కకు వెలుపలి నేల. అంటే ఊరంతా పోరంబోకు మీదే ఉంది! నన్ను పోరంబోకని రాసిన కరణం అరుగు కూడా పోరంబోకే. ఆ బీరువా ముందు నేను ఒక్కణ్ణే పెద్దగా నవ్వాను. పక్క గదిలోంచి బంట్రోతు వచ్చి “ఏమైందండి” అన్నాడు. తర్వాత నవ్వు పోయి కోపమొచ్చింది.

ఎందుకంటే ఆ సాయంత్రం 1905 చట్టం తీసి మొదటినుంచీ చదివాను. రెండో సెక్షనులో రోడ్లు, వీధులు, వంతెనలు, నదులు, వాగులు, చెరువులు, కాలవలు అన్నీ సర్కారు ఆస్తి అని చెప్పి, కొన్నిటిని మినహాయించారు. దేవాలయ స్థలం, ఇంటి స్థలం, పెరడు సొంతదారులవైతే సర్కారుకు చెందవు. అందువల్ల గ్రామకంఠంలో ఇల్లున్నవాడికి పట్టా లేకపోయినా భయం లేదు. తాత కట్టాడు, తండ్రి ఉన్నాడు, కొడుకు ఉంటాడు. ఎవరూ బి మెమో పంపరు. మరి మా ఇల్లు ఇల్లు కాదా? మా పెరట్లో ములగచెట్టు పెరట్లోది కాదా? ఊరు కట్టేనాడు మమ్మల్ని ఊళ్ళో ఉండనివ్వలేదు. ఊరి బయట ఎక్కడో ఒకచోట ఉండమన్నారు. ఆ ‘ఎక్కడో’ కాలవ గట్టయింది. ఊళ్ళోవాళ్ళది నివాసం, మాది ఆక్రమణ. చట్టంలో కులం పేరు ఎక్కడా లేదు. అక్కర్లేదు. కులం ముందే వచ్చి ఎవరెక్కడుండాలో గీత గీసిపెట్టింది. సర్వేయరు ఆ గీత మీదే గొలుసు వేశాడు.

ఈ సంగతి తెల్లవాళ్ళకు తెలియదనుకోకండి. చెంగల్పట్టు కలెక్టరు ట్రెమెన్‌హీర్ పరయల స్థితి మీద రాసిన నివేదిక దొరతనం ముందుకెళ్ళి, 1892లో మద్రాసు ప్రభుత్వం వాళ్ళకు భూములిచ్చే ఉత్తర్వు వేసింది. తమిళనాట ఇప్పటికీ వాటిని పంచమి భూములంటారు. పొలం లేకపోవడం ఒక్కటే కాదు, పడుకునే చోటు మీద కూడా హక్కు లేకపోవడం వాళ్ళను యజమాని గుప్పిట్లో పెడుతోందని ఆనాడే తెలుసు. 1920 నుంచి లేబర్ కమిషనర్ అనే అధికారిని పెట్టి దళితులకు ఇళ్ళస్థలాల పని అప్పజెప్పారు. తెలుసు, ఉత్తర్వులూ ఉన్నాయి. మా తాత దాకా రాలేదు.

ఉమ్మడి నేల మీద నడవడం కూడా మాకు పోరాటమే అయింది. 1924లో మద్రాసు శాసనమండలిలో రెట్టమలై శ్రీనివాసన్ తీర్మానం పెట్టాడు. ఏ కులంవాడైనా ప్రభుత్వ రోడ్డు మీద నడవొచ్చు, చెరువూ నుయ్యీ వాడుకోవచ్చు అని. అంటే అప్పటిదాకా ‘రస్తా పోరంబోకు’ అందరిదీ కాదన్నమాట. మహారాష్ట్రలో 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందితో వెళ్ళి మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు తాగాడు. పై కులాలవాళ్ళు కోర్టుకెక్కి ఏమన్నారో తెలుసా? ఆ చెరువు ఊరుమ్మడిది కాదు, మాది అన్నారు. అన్ని కులాలూ, అన్ని మతాలవాళ్ళూ, పశువులూ తాగే చెరువు, అంటరానివాడు తాగేసరికి సొంత ఆస్తి అయిపోయింది. పదేళ్ళు నడిచింది ఆ దావా. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు వాళ్ళ వాదన కొట్టేసింది. చెరువు ఎవరిదన్న ప్రశ్నే అక్కడ కులం ప్రశ్న అయింది.

రాజ్యాంగం పదిహేనో అధికరణంలో నూతులు, చెరువులు, స్నానఘట్టాలు, రోడ్లు అని పేరుపేరునా రాశారు. చదివినప్పుడల్లా నాకు పోరంబోకుల జాబితా చదువుతున్నట్టే ఉంటుంది. ఆ రాత ఉండగానే 1985లో కారంచేడు జరిగింది. దళితులు తాగే చెరువు దగ్గర పశువుల్ని కడగొద్దన్నందుకు తగువు మొదలైంది. మర్నాడు, జూలై 17న ఆరుగుర్ని చంపారు. మిగిలినవాళ్ళు చీరాలకు పారిపోయి అక్కడే ఇళ్ళు కట్టుకున్నారు. చెరువు పోరంబోకు అనే మాట రికార్డులో ఎంత చల్లగా ఉంటుందో! ఊళ్ళో దానికోసం ప్రాణాలు పోయాయి.

అయితే ఊరివాళ్ళకు అసలు ఉమ్మడి భావం లేదా? ఉంది. మా కోనసీమలో కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థం చూడండి. ఊళ్ళ నుంచి ప్రభలు భుజాల మీద బయల్దేరి కౌశిక దాటి, పచ్చటి వరిచేల నడుమనుంచే పోతాయి. చేను తొక్కినా రైతు ఏమీ అనడు, పుణ్యమనుకుంటాడు. అంటే జిరాయితీ పొలం కూడా ఆ ఒక్కరోజు రస్తా అవుతుంది. దేవుడి కోసం సొంత పొలం ఉమ్మడి చేయగలిగినవాళ్ళు, మనిషి కోసం ఉమ్మడి నేల ఉమ్మడిగా ఉంచలేకపోయారు. ఇది నా ఫిర్యాదు.

ఉంచలేకపోవడం కాదు, తినేశారు. ఉద్యోగంలో నేను చూసిన ఆక్రమణల్లో గుడిసెలు తక్కువ, కొబ్బరితోటలు ఎక్కువ. డొంక పక్క చేనుగలవాడు ఏటా ఒక మూర లోపలికొస్తాడు. కంచె జరుగుతుంది, ఒక వరస మొక్కలు పడతాయి, పదేళ్ళకు డొంక కాలిబాట అవుతుంది. చెరువు గర్భం చేపలచెరువవుతుంది. దీన్ని ఊళ్ళో ఎవరూ ఆక్రమణ అనరు. ‘కలుపుకున్నాడు’ అంటారు. మాటలోనే ఎంత తేడా ఉందో చూడండి! గుడిసెవాడు ఆక్రమిస్తాడు, తోటవాడు కలుపుకుంటాడు. పోరంబోకును మింగినవాణ్ణి ఎవరూ పోరంబోకు అనరు, పెద్దమనిషి అంటారు. 2011 జనవరి 28న జగపాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు గ్రామాల ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. ఆ తీర్పులో ఉమ్మడి భూముల పేర్లు చెబుతూ పోరంబోకు అన్న మాట కూడా రాశారు. భూమిలేని కూలీలకు, ఎస్సీ ఎస్టీలకు ప్రభుత్వమే ఇచ్చినచోట్ల క్రమబద్ధం చేయొచ్చని మినహాయింపూ పెట్టారు. మంచి తీర్పు. కానీ ఆఫీసులో గొలుసు పట్టుకుని బయల్దేరినప్పుడు అది ముందు ఎటు పోతుందో నాకు తెలుసు. గుడిసె పీకడానికి ఒక పూట చాలు. తోట వరస పీకాలంటే స్టే వస్తుంది.

మా గుడిసెలు కూడా పీకారు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. లంకలు మునిగాయి. ఆ తర్వాత గట్లు బాగుచెయ్యాలన్నారు. కాలవ గట్టు ‘అభ్యంతరకరమైన పోరంబోకు’, అంటే ఎన్నాళ్ళున్నా పట్టా ఇవ్వరాని రకం. నేను దాన్ని తప్పనను. గట్టు తెగితే మునిగేది ముందు మేమే. గట్టు మీద మమ్మల్ని ఉంచమని మేము ఎప్పుడూ అడగలేదు. ఇంకోచోట కాస్త నేల చూపించమన్నాం, అంతే. ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా మా పేటవాళ్ళు రెండేళ్ళు తిరిగారు. చివరికి ఊరికి దూరంగా ఒక పల్లపు చేను కొని, ప్లాట్లు వేసి, ఇంటికి రెండున్నర సెంట్ల చొప్పున ఇచ్చారు.

మా అయ్యకు పట్టా ఇచ్చిన రోజు నేను సెలవు పెట్టి వచ్చాను. ఆయన ఆ కాయితం తిరగేసి, వెనక్కి తిరగేసి, నా చేతికిచ్చాడు. “సరిగ్గా సదువు. తాత కాయితం లాంటిది కాదు గదా?” అన్నాడు.

నా గుండె ఆగినంత పనైంది. “నీకు తెలుసా అయ్యా?” అన్నాను.

“నువ్వు సదివిన్నాడే నీ మొకం సూసేను” అన్నాడు. “నాయిన సంతోసంగా ఉన్నాడు. నానెందుకు సెప్పాలి?”

నేను పట్టా పైనుంచి కిందికి చదివి వినిపించాను. అమ్ముకోకూడదు, అన్యాక్రాంతం చెయ్యకూడదు అన్న షరతులు కూడా చదివాను. ఆయన తన పేరున్నచోట వేలు పెట్టించుకుని, ఆ వేలు అక్కడే కాసేపు ఉంచాడు. వానాకాలం ఆ స్థలంలో మోకాలి లోతు నీళ్ళు నిలిచేవి. రెండేళ్ళు మట్టి మోసి మెరక చేసుకున్నాడు. మళ్ళీ మట్టి మొయ్యడమే. ఈసారి తన కోసం మోశాడు.

పేరు ఎక్కడం అంటే ఏమిటో మాకు తెలుసు కాబట్టే ఇంకో మాట చెప్పాలి. 2022లో కోనసీమ కొత్త జిల్లా అయింది. దానికి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లూ, ఎమ్మెల్యే ఇల్లూ తగలబెట్టారు. చివరికి పేరైతే నిలబడింది. కానీ ఆ మంట చూసినప్పుడు నాకు ఆశ్చర్యం వెయ్యలేదు. ఒక కూలివాడి పేరు రెండున్నర సెంట్ల కాయితం మీద ఎక్కడానికి మూడు తరాలు పట్టిన సీమ ఇది. జిల్లా బోర్డు మీద మావాడి పేరంటే ఊరుకుంటారా?

మా అయ్య 2004లో పోయాడు. పూడ్చడానికి మా సమాధుల దొడ్డికి తీసుకెళ్ళాం. ఊరికి రెండు శ్మశానాలు, రెండు సర్వే నెంబర్లు. రెండూ శ్మశాన పోరంబోకే. కామందైనా పాలేరైనా పట్టా వదిలేసి చివరికి చేరేది పోరంబోకులోకే గదా, అక్కడ కూడా గోడ కట్టుకున్నారు. తాత పక్కన అయ్యను పెట్టాలని మా అమ్మ కోరిక. తాత సమాధి వెతికితే కనబడలేదు. ఆయన్ని పూడ్చినచోట కొబ్బరిచెట్టు ఉంది, గెల దిగి కాస్తోంది. పక్క తోట కంచె మా దొడ్లోకి రెండు వరసలు వచ్చేసింది.

మర్నాడు దినం పనులు అన్నదమ్ములకు అప్పజెప్పి కొలతకు అర్జీ పెట్టాను. సర్వేయరు వచ్చి కొలిచాడు. రిజిస్టరులో నలభై సెంట్లు, నేల మీద ఇరవై ఆరు. తోట యజమాని మనుషులు, మా పేట కుర్రాళ్ళు, ఊరి పెద్దలు, అందరూ చేరారు. “ఎప్పట్నుంచో కాపుకొస్తున్న చెట్లు. ఇప్పుడేంటండి గొడవ” అన్నాడొకాయన. ‘అండి’ అన్నాడు, నా ఉద్యోగానికి. నేను నకలు తీసి చూపించి, “ఇది పోరంబోకండి. ఇక్కడ ఇంకొకళ్ళు కాపు తీసుకోడానికి లేదు” అన్నాను.

ఆ మాట నా నోటి వెంట బయటికి గట్టిగా రావడం అదే మొదటిసారి. మా అయ్య తల దించుకుని విన్న మాట, నేను ఏడుస్తూ చదివిన మాట. ఆ రోజు అదే మా హక్కయింది. తమిళనాట కూడా ఈ మధ్య ఇలాగే జరిగింది. 2017లో ఎన్నూరు దగ్గర ఉమ్మడి జలాలు, చిత్తడినేలలు పాడుచేస్తున్నారని టి.ఎం. కృష్ణ పోరంబోకు మీదే ఒక పాట పాడాడు. తిట్టును తిట్టుగా వదిలెయ్యకుండా దాని మొదటి అర్థం వెనక్కి లాక్కొచ్చారు. మేము పాట పాడలేదు, రాళ్ళు పాతాం. రెండు పనులూ ఒకటే.

రాళ్ళయితే పాతారు గానీ, చెట్లు ఇంకా అలాగే ఉన్నాయి. వాళ్ళు కోర్టుకెళ్ళారు. వాయిదాలకు నేనే వెళ్తున్నాను. రిటైరయ్యాను, తీరిక ఉంది. దింపు రోజున ఆ రెండు వరసల కాయలు ఎవరు తీసుకుపోతున్నారో చూస్తూ ఉంటాను. లెక్క రాసుకుంటున్నాను. ఆరు కాయలకు మా అయ్యను ఏమన్నారో నాకు గుర్తుంది. తాత మీద కాసిన కాయల లెక్క కూడా ఎవరో ఒకరు చెప్పాలి.

మొన్న మా మనవడు ఇంట్లో ఆడుకుంటూ వాళ్ళ చెల్లెల్ని పోరంబోకు అని తిట్టాడు. వాళ్ళమ్మ చెయ్యెత్తింది. నేను ఆపి, వాణ్ణి దగ్గర కూచోబెట్టుకున్నాను. తాత రేకుపెట్టె నా దగ్గరే ఉంది. బి మెమోల కట్ట విప్పి చూపించాను. “అది తిట్టు కాదురా” అని మొదలుపెట్టాను.